నగరం ఒక సిస్టమ్: సింగపూర్ నీళ్ళ లెక్కలు చెప్పే పాఠాలు

సాఫ్టువేరు రంగంలో పనిచేసే వాళ్ళందరికీ ఒక అనుభవం ఉండే ఉంటుంది. ప్రాజెక్టులో నాలుగు టీములు, నాలుగు మాడ్యూళ్ళు. ఎవరి మాడ్యూలు వాళ్ళు పరీక్షించుకుంటే అన్నీ పాసే. నాలుగూ కలిపి నడిపించిన రోజున మాత్రం సిస్టమ్ కూర్చుండిపోతుంది. తప్పు ఏ మాడ్యూల్లోనూ ఉండదు, రెండు మాడ్యూళ్ళు కలిసే చోట ఉంటుంది. ఆ కలిసే చోటుకి బాధ్యులెవరో ప్రాజెక్టు ప్లానులో రాసి ఉండదు.

నగరాలదీ ఇదే కథ. నీళ్ళకి ఒక శాఖ, కరెంటుకి ఒకటి, చెత్తకి ఒకటి, రోడ్లకి ఒకటి. ప్రతి శాఖకీ తన బడ్జెట్టు, తన లక్ష్యాలు. ఎవరి పని వాళ్ళు చక్కగానే చేస్తున్నా, మొత్తం మీద నగరం వేడెక్కుతూ, వానొస్తే మునుగుతూ, ఎండొస్తే ఎండుతూ ఉండవచ్చు. ఒక శాఖ చేసిన పొదుపు ఇంకో శాఖ ఖర్చుగా తేలుతుంది. ఆ సంగతి ఎవరి లెక్కల పుస్తకంలోనూ కనబడదు.

ఈ అతుకులను పట్టుకుని లెక్కించడమే పనిగా పెట్టుకున్న పరిశోధనని సమగ్ర నగర వ్యవస్థల పరిశోధన అంటున్నారు. పేరు బరువుగా ఉన్నా విషయం మనకి కొత్తది కాదు, మనం చేసే సిస్టమ్స్ ఇంటిగ్రేషనే. నేను సింగపూర్లో ఉంటూ, పెద్ద భవనాల్లోని నీటి మీటర్లు, విద్యుత్ మీటర్లు, ఏసీ యంత్రాల సమాచారాన్ని ఒక చోటికి చేర్చే పనుల్లో కన్సల్టెంటుగా ఉన్నాను. ఆ పని వల్ల కలిగిన ఆసక్తితో చదువుకున్నదీ, గమనించినదీ ఈ వ్యాసంలో పంచుకుంటాను. ఉదాహరణకి సింగపూర్ నీటి వ్యవస్థని తీసుకుందాం. చివర్లో అదే లెక్కని హైదరాబాదుకి కూడా వేసి చూద్దాం. కూడికలు, గుణకారాలు వస్తే చాలు, ఇంకే గణితమూ అక్కరలేదు.

నగరానికి ఆకలి, దాహం

నగరాన్ని ఒక జీవిలాగా చూసి, అది రోజుకి ఎంత తింటుంది, ఎంత విసర్జిస్తుంది అని లెక్క కట్టిన వాళ్ళలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి అమెరికా ఇంజనీరు ఏబెల్ వోల్మన్. 1965లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో నగరాల జీవక్రియ గురించి ఒక వ్యాసం రాశాడు. 10 లక్షల జనాభా గల ఒక ఊహా నగరాన్ని తీసుకున్నాడు. అది రోజుకి 6,25,000 టన్నుల నీళ్ళు, 9,500 టన్నుల ఇంధనం, 2,000 టన్నుల ఆహారం లోపలికి తీసుకుంటుందని, 5,00,000 టన్నుల మురుగునీరు, 2,000 టన్నుల చెత్త, 950 టన్నుల వాయు కాలుష్యం బయటికి వదులుతుందని లెక్క తేల్చాడు.

ఈ అంకెల్లో నీళ్ళ వాటా చూడండి. మిగతావన్నీ కలిపినా నీళ్ళ ముందు లెక్కలోకి రావు. నగరం ఆరోగ్యం తెలుసుకోవాలంటే నీళ్ళ నాడి పట్టుకోవడం మంచి మార్గమని నేను అనుకోవడానికి కారణం ఇదే.

వోల్మన్ లెక్క ఒక రోజు చిట్టా లాంటిది. కాలంతో పాటు అంకెలు ఎలా మారతాయి, ఒకటి మారితే ఇంకొకటి ఎందుకు మారుతుంది అన్న ప్రశ్నను ఎమ్.ఐ.టి. ఆచార్యుడు జే ఫారెస్టర్ కంప్యూటరుకెక్కించాడు. బోస్టన్ మాజీ మేయర్ జాన్ కాలిన్స్‌తో జరిపిన చర్చల ఫలితంగా 1969లో అర్బన్ డైనమిక్స్ అనే పుస్తకం తెచ్చాడు. ఇళ్ళు, ఉద్యోగాలు, జనాభా ఒకదాన్నొకటి ఎలా నెడతాయో చూపే ఫీడ్‌బ్యాక్ వలయాలు అందులో ముఖ్యం. ఆ పుస్తకం మీద విమర్శలూ చాలా వచ్చాయి. వాటిలో మనకి పనికొచ్చేది ఒకటుంది: మోడల్లో నగరం ఉంది కాని, దాని చుట్టూ ఉన్న శివారు ఊళ్ళు లేవు. హద్దు ఎక్కడ గీశామన్న దాని మీద జవాబు ఆధారపడుతుంది. ఈ హద్దు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

వానకి కొదవ లేదు, దాచే చోటే లేదు

సింగపూర్ అనగానే నీటి కరువున్న దేశం అంటారు. నిజమేనా? లెక్క వేద్దాం.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. సింగపూర్ వైశాల్యం సుమారు 730 చదరపు కిలోమీటర్లు, ఏడాదికి కురిసే వాన సుమారు 2,400 మిల్లీమీటర్లు. రెండూ గుణిస్తే ఏడాదికి 175 కోట్ల ఘనపు మీటర్లు. రోజుకి సగటున 480 కోట్ల లీటర్లు. ఇక్కడి రోజువారీ వాడకం సుమారు 43 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 195 కోట్ల లీటర్లు. ఆకాశం నుంచి పడేది వాడకానికి రెండున్నర రెట్లు!

కొంత ఆవిరైపోతుంది, కొంత ఇంకిపోతుంది, నిజమే. అయినా అసలు ఇబ్బంది చోటుతోనే. ఇంత చిన్న దీవిలో జలాశయానికి స్థలం ఇస్తే ఇళ్ళకి, ఫ్యాక్టరీలకి, విమానాశ్రయానికి ఎక్కడ ఇస్తారు? నీళ్ళ సమస్య ఇక్కడ భూమి సమస్యగా మారిపోయింది. దాని పరిష్కారం కూడా నీళ్ళ శాఖ ఒక్కటే చేయగలిగింది కాదు.

వాళ్ళు చేసిన పని నగరాన్నే పరీవాహక ప్రాంతంగా మార్చడం. ఈనాడు దేశ భూభాగంలో మూడింట రెండు వంతుల మీద పడిన వాన కాలువల గుండా 17 జలాశయాలకి చేరుతుంది. 2008లో తెరిచిన మెరీనా బ్యారేజి ఇందులో పెద్ద అడుగు. 350 మీటర్ల ఆ అడ్డుకట్ట సముద్రాన్ని బయట నిలిపి, నగరం నడిబొడ్డున మంచినీటి జలాశయాన్ని తయారు చేసింది. దాని పరీవాహక ప్రాంతం 10,000 హెక్టార్లు, దీవిలో ఆరో వంతు. వాన పెద్దదైతే, సముద్రం పోటు మీద లేనప్పుడు గేట్లు దించి నీళ్ళు వదిలేస్తారు. పోటు మీద ఉంటే పెద్ద పంపులతో సముద్రంలోకి తోడేస్తారు. మంచినీళ్ళు, వరద నివారణ, ఊరి వాళ్ళు సాయంత్రం షికారుకి వెళ్ళే చోటు, మూడూ ఒకే కట్టుబడిలో వచ్చాయి.

అయితే దీని షరతు ఏమిటో గమనించారా? ఆఫీసుల ముందున్న రోడ్డు మీద పడిన వాన రేపు తాగే నీరు. కాబట్టి రోడ్డు మీద చెత్త, గ్యారేజీల్లో కారే నూనె, హోటళ్ళ కడుగు నీళ్ళు, అన్నీ నీటి సరఫరా సమస్యలే. బ్యారేజికి చాలా ముందే, 1977 నుంచి 1987 దాకా, సింగపూర్ నదిని శుభ్రం చేసే కార్యక్రమం నడిచింది. ఆ పదేళ్ళలో నది ఒడ్డున ఉండే వేలాది కుటుంబాలను, వీధి వ్యాపారులను వేరే చోట్లకి మార్చారు. పందుల, బాతుల పెంపక కేంద్రాలను ఎత్తేశారు. తిండి బండ్ల వాళ్ళకి నీళ్ళు, మురుగు సౌకర్యాలున్న హాకర్ సెంటర్లు వచ్చాయి కాని, పాత బతుకుతెరువు పోగొట్టుకున్న వాళ్ళూ ఉన్నారు. శుభ్రమైన నీటి ధరలో ఇదీ ఒక భాగమే.

పరిపాలనలో జరిగిన మార్పు కూడా మనలాంటి వాళ్ళకి ఆసక్తికరం. పబ్లిక్ యుటిలిటీస్ బోర్డు 1963లో ఏర్పడినప్పుడు నీళ్ళు, కరెంటు, గ్యాస్ మూడూ దాని చేతిలో ఉండేవి. 1995లో కరెంటు, గ్యాస్ విడిపోయి వేరే కంపెనీకి వెళ్ళాయి. 2001లో మురుగునీరు, వాననీటి కాలువలు పర్యావరణ శాఖ నుంచి ఈ బోర్డుకి వచ్చాయి. దాంతో వాన, కుళాయి, మురుగు ఒకే యజమాని కిందికి చేరాయి. మురుగు శుద్ధి చేసే వాడూ, మంచినీళ్ళు వెతుక్కునే వాడూ ఒకడే అయినప్పుడు మురుగు ముడిసరుకులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 2003లో శుద్ధి చేసిన మురుగునీరు న్యూవాటర్ పేరుతో వాడకంలోకి వచ్చింది. 2005లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే మొదటి ప్లాంటు వచ్చింది. మలేషియాలోని జొహోర్ నుంచి 1962 ఒప్పందం ప్రకారం వచ్చే నీళ్ళు ఎలాగూ ఉన్నాయి. ఆ ఒప్పందం 2061లో ముగుస్తుంది. ఆ తేదీ గోడ మీద క్యాలెండరులా ఎప్పుడూ కళ్ళ ముందు ఉండబట్టే ఇవన్నీ ఇంత తొందరగా జరిగాయి.

నీళ్ళలో దాగిన కరెంటు

నీళ్ళ శాఖలన్నీ కలిశాయి సరే. కరెంటు విడిపోయింది కదా, ఆ అతుకు సంగతి ఏమిటి?

జలాశయంలోని వాననీటిని శుద్ధి చేయడానికి వెయ్యి లీటర్లకి సుమారు 0.2 యూనిట్ల కరెంటు చాలు. న్యూవాటరుకి సుమారు ఒక యూనిట్. సముద్రపు నీటికి సుమారు మూడున్నర యూనిట్లు. అంటే వాననీటితో పోలిస్తే సముద్రపు నీరు 17 రెట్లు ఖరీదు, కరెంటు లెక్కలో.

ఈ తేడా ఎందుకంటే, రెండు చోట్లా వాడేది మన వంటింట్లో ఉండే ఆర్వో పద్ధతే. సన్నని పొర గుండా నీటిని ఒత్తిడితో నెడితే నీరు దాటుతుంది, ఉప్పు ఆగిపోతుంది. ఉప్పు ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ ఒత్తిడి కావాలి. సముద్రంలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాని సహజమైన ఎదురొత్తిడే సుమారు 27 బార్లు. అంతకి రెట్టింపు ఒత్తిడి పెడితే కాని ప్లాంటు సరిగ్గా నడవదు. మురుగునీరు చూడటానికి ఎంత అసహ్యంగా ఉన్నా, అందులో ఉప్పు చాలా తక్కువ. అందుకని ఆర్వో పొరకి సముద్రం కంటే మురుగే తేలిక. మనసుకి తేలిక కాకపోవచ్చు, అది వేరే సంగతి.

నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకి 140 లీటర్ల చొప్పున 560 లీటర్లు వాడతారనుకుందాం. అంతా సముద్రపు నీరే అయితే రోజుకి దాదాపు 2 యూనిట్లు, నెలకి 60. వాననీరైతే నెలకి మూడు, నాలుగు యూనిట్లు. సింగపూర్ కరెంటులో సుమారు 95 శాతం సహజవాయువు మండించి తీసేది, ఆ వాయువు దిగుమతి అయ్యేది. కాబట్టి సముద్రపు నీటి ప్లాంటు నీటి దిగుమతిని తగ్గిస్తుంది, దాని బదులు గ్యాసు దిగుమతిని పెంచుతుంది. నీళ్ళ శాఖ పుస్తకంలో స్వావలంబన అని రాసుకున్నది ఇంధన శాఖ పుస్తకంలో అదనపు గిరాకీ.

కరెంటులో దాగిన నీళ్ళు

ఇప్పుడు అద్దం తిప్పి చూద్దాం. ఇక్కడి పెద్ద భవనాల పైన కూలింగ్ టవర్లు ఉంటాయి. భవనంలోని వేడిని నీటికెక్కించి, ఆ నీటిలో కొంత భాగాన్ని ఆవిరి చేసి వేడిని వదిలించుకుంటాయి. ఇలాంటి ఏసీ వ్యవస్థలు గాలితో చల్లార్చే వాటికంటే తక్కువ కరెంటు తింటాయి, కాని నీళ్ళు తాగుతాయి. నీళ్ళ శాఖ దృష్టిలో ఇది దుబారా. మరి కలిపి చూస్తే?

ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. వెయ్యి లీటర్లకి 670 యూనిట్ల వేడి. నీటితో చల్లార్చే పెద్ద ఏసీ ప్లాంటు ఒక యూనిట్ కరెంటుకి 5 యూనిట్ల వేడిని గదుల్లోంచి తోడుతుంది అనుకుందాం. బయటికి వదిలేది తోడిన 5, వాడిన 1 కలిపి 6. కాబట్టి 670 యూనిట్ల వేడిని వదిలినప్పుడు గదుల నుంచి తోడింది సుమారు 560, వాడిన కరెంటు సుమారు 112. గాలితో చల్లార్చే ప్లాంటు ఒక యూనిట్‌కి 3 యూనిట్ల వేడినే తోడుతుందనుకుంటే, అదే పనికి 187 యూనిట్లు కావాలి. మిగిలింది 75 యూనిట్లు. ఆ వెయ్యి లీటర్ల న్యూవాటరు తయారీకి అయిన ఖర్చు ఒక యూనిట్! టవర్ నుంచి మురుగులోకి వదలాల్సిన నీళ్ళు, పంపుల ఖర్చు అన్నీ తీసేసి ఆదా సగానికి సగం తగ్గించినా, ఇది మంచి బేరమే.

విడివిడిగా చూస్తే నీళ్ళ శాఖ కూలింగ్ టవర్లకి అడ్డు చెప్పాలి. కలిపి చూస్తే ప్రోత్సహించాలి. న్యూవాటరులో ఎక్కువ భాగం చిప్పుల ఫ్యాక్టరీలకి, పరిశ్రమలకి, ఇలాంటి ఏసీ అవసరాలకి వెళ్ళడంలో ఔచిత్యం ఇదే.

ఏసీలకి ఇంకో ముడి కూడా ఉంది. గదిలోంచి తోడిన వేడి మాయమైపోదు, వీధిలోకి వస్తుంది. వీధి వేడెక్కితే పక్కింటి ఏసీ ఇంకాస్త గట్టిగా పనిచేయాలి, అది ఇంకాస్త వేడి వదలాలి. ఫారెస్టర్ చెప్పిన ఫీడ్‌బ్యాక్ వలయానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. 2010లో ఏర్పడిన సింగపూర్-ఈటీహెచ్ కేంద్రం, ఇక్కడి విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో మొదలుపెట్టిన కూలింగ్ సింగపూర్ ప్రాజెక్టు ఈ వేడి మీదే పనిచేసింది. వాతావరణం, భవనాల విద్యుత్ వాడకం, వాహనాల రద్దీ, విద్యుత్ కేంద్రాలు, ఇలా వేర్వేరు మోడళ్ళను కలిపి నగరానికి ఒక డిజిటల్ కవలని తయారు చేశారు. వాహనాలన్నీ విద్యుత్ వాహనాలైతే వీధిలో వేడి ఎంత తగ్గుతుంది, ఆ విద్యుత్తు తయారుచేసే చోట ఎంత పెరుగుతుంది అని అడగాలంటే ఇలాంటి కలిపిన మోడలే కావాలి. ఒక్క రవాణా మోడల్ని అడిగితే సగం జవాబే వస్తుంది.

అతుకు దగ్గర డిజైన్

లెక్కలు తెలిశాక డిజైన్ ఎలా మారుతుంది? రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది బిషాన్-ఆంగ్ మో కియో పార్కు. ఒక పక్కన పాతబడిన పార్కు, దాన్ని ఆనుకుని 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువ. పార్కుని బాగుచేయాల్సింది పార్కుల శాఖ, కాలువని వెడల్పు చేయాల్సింది నీళ్ళ శాఖ. ఎవరికి వాళ్ళు చేసుంటే పెద్ద సిమెంటు కాలువ, దాని పక్కన కంచె, అవతల పార్కు ఉండేవి. ఇద్దరూ కలిసి సిమెంటు తీసేసి, 3.2 కిలోమీటర్ల వంకర టింకర నదిగా మార్చారు. 2012లో తెరిచారు. మామూలు రోజుల్లో నది సన్నగా పారుతుంది, పిల్లలు రాళ్ళ మీద ఆడుకుంటారు. పెద్ద వానొస్తే పార్కులో కొంత భాగం నది పొంగే మైదానం అవుతుంది, ముందే సైరన్ మోగుతుంది. ఏడాదిలో కొద్ది గంటలు మాత్రమే కావలసిన వరద స్థలాన్ని మిగతా రోజులన్నీ జనం వాడుకుంటున్నారు. మన భాషలో చెప్పాలంటే, ఒకే రిసోర్సుని రెండు ప్రాసెస్‌లు వంతులవారీగా పంచుకోవడం.

రెండోది తువాస్ నెక్సస్. దేశంలో ఉన్న ఒకే ఒక్క చెత్త పూడ్చే స్థలం సెమకావు దీవి. 1999లో మొదలైంది, 2035 కల్లా నిండిపోతుందని అంచనా. అందుకని చెత్తని కాల్చి, ఘనపరిమాణం పదో వంతుకి తగ్గించి, బూడిదని అక్కడికి పంపుతారు. వంటింటి చెత్తలో నీరెక్కువ, సరిగ్గా కాలదు. మరో పక్క మురుగు శుద్ధి ప్లాంటులో మిగిలే బురద నుంచి గ్యాసు తీయవచ్చు కాని, అది ఒక్కటే అయితే గ్యాసు తక్కువ. ఆహార వ్యర్థాలను బురదలో కలిపి పులియబెడితే గ్యాసు మూడింతల దాకా పెరుగుతుందని ఇక్కడి ప్రయోగాల్లో తేలింది. అందుకే మురుగు ప్లాంటునీ, చెత్త ప్లాంటునీ పక్కపక్కనే కట్టాలని నీళ్ళ బోర్డు, పర్యావరణ సంస్థ నిర్ణయించాయి. 2020లో పనులు మొదలయ్యాయి. చెత్త నుంచి వచ్చిన కరెంటు నీళ్ళ ప్లాంటుకి, శుద్ధి చేసిన నీరు చెత్త ప్లాంటుకి, తడి చెత్త బురదలోకి. ఒకరి అవుట్‌పుట్ ఇంకొకరి ఇన్‌పుట్ కావడానికి అడ్డుగా ఉన్నది సాంకేతిక విజ్ఞానం లేకపోవడం కాదు, మధ్యలో ఉన్న ప్రహరీ గోడ.

అంతా సవ్యంగా ఉందని మాత్రం అనుకోకండి. 2010 జూన్‌లో ఇక్కడి ఖరీదైన ఆర్చర్డ్ రోడ్డు మునిగింది. ఊరంతా సిమెంటు పరుచుకుంటే కాలువలు ఎంత పెంచినా చాలవని గ్రహించాక, 2014 నుంచి 0.2 హెక్టార్లు, అంతకు మించిన కొత్త నిర్మాణాలు వాననీటిని తమ ఆవరణలోనే కాసేపు పట్టి ఉంచి మెల్లగా వదలాలని నిబంధన వచ్చింది. వరదని కాలువ చివర ఆపకుండా, పుట్టిన చోటే ఆపడమన్న మాట. ఇక హద్దు మాటకొస్తే, ఈ దేశపు తిండిలో 90 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. ఆ తిండి పండించడానికి వేరే దేశాల్లో వాడిన నీళ్ళు రోజుకి 195 కోట్ల లీటర్ల లెక్కలో లేవు. సింగపూర్‌ని మెచ్చుకునేటప్పుడు ఈ హద్దు రేఖని కూడా చూపించడం నిజాయితీ.

హైదరాబాదుకి అదే లెక్క

ఇక్కడి దాకా చదివిన వాళ్ళు, "అది చిన్న దేశం, డబ్బున్న దేశం, మనకి కుదరదు" అనుకోవచ్చు. నిజానికి మెరీనా బ్యారేజి వెనకున్న ఆలోచన హైదరాబాదుకి ఏమీ కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదని ఆపేదీ, దాహం తీర్చేదీ ఒకే కట్ట. అంతకు ముందు నుంచీ ఉన్న గొలుసుకట్టు చెరువులదీ ఇదే సూత్రం. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. ఇంటర్‌ఫేసు అంటే ఏమిటో మన ఊళ్ళలో నీరటికాళ్ళకి బాగా తెలుసు.

నీరు పల్లమెరుగు అంటారు. ఉస్మాన్‌సాగర్ నగరం కంటే ఎత్తులో ఉంది కాబట్టి అక్కడి నీళ్ళు ఆసిఫ్‌నగర్ ఫిల్టరు బెడ్ల దాకా పంపు అవసరం లేకుండా వాటంతటవే వస్తాయి. నగరం పెరిగాక కృష్ణా నీళ్ళు కావలసి వచ్చాయి. అవి నాగార్జునసాగర్ జలాశయం నుంచి నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. తేడా 340 మీటర్లు అనుకుందాం.

వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస ఖర్చు 0.27 యూనిట్లు. 340 మీటర్లకి 0.93. పంపులు, మోటార్ల సామర్థ్యం 75 శాతం అనుకుంటే సుమారు ఒకటింపావు యూనిట్. ఇంకా పైపుల్లో రాపిడి కలపలేదు. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్ళు ఇంకా ఎక్కువ దూరం ఎక్కి రావాలి.

న్యూవాటరు ఎంత అన్నాం? సుమారు ఒక యూనిట్. అంటే హైదరాబాదులో కుళాయి తిప్పితే వచ్చే కృష్ణా నీటికి, సింగపూర్లో మురుగుని అద్దంలా తేటపరచి ఇచ్చే నీటికంటే కరెంటు ఎక్కువే అవుతుంది! మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నమ్మలేక రెండుసార్లు సరి చూసుకున్నాను. ఇది నా అంచనా, కరెంటు ఖర్చు మాత్రమే. ప్లాంటు కట్టే పెట్టుబడి, పొరలు మార్చే ఖర్చు వేరే లెక్కించాలి. మురుగుకి మామూలు శుద్ధి ఎలాగూ తప్పదు కాబట్టి దాన్ని కలపలేదు. అయినా, "మురుగునీటిని మళ్ళీ వాడటం మనలాంటి దేశాలకి తాహతుకు మించిన పని" అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు. కనీసం పరిశ్రమలకి, ఏసీ టవర్లకి, తోటలకి ఆ నీళ్ళు ఇచ్చి, ఎత్తి తెచ్చిన నీళ్ళను తాగడానికి ఉంచుకోవచ్చు.

జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 111 జీవో 1996లో వచ్చింది. దాన్ని ఎత్తివేస్తూ 2022లో 69 జీవో వచ్చింది. భూముల ధరలు, రైతుల హక్కులు, పర్యావరణం, ఇలా వాదనలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక అంకె కూడా చేరాలని నా కోరిక. పల్లానికి తనంతట తాను వచ్చే ప్రతి వెయ్యి లీటర్ల స్థానంలో, ఒకటింపావు యూనిట్ కరెంటుతో ఎక్కించిన వెయ్యి లీటర్లు తేవాలి, ప్రతి రోజూ, ఎప్పటికీ. ఆ చెరువు వరదని ఆపే పని మానేస్తే దాని ఖర్చు ఇంకో పద్దు. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పడవలు తిరగడం చూసినవాళ్ళకి ఆ పద్దు గురించి వేరే చెప్పనక్కరలేదు.

మన వాటా

ఈ పరిశోధనలో సివిల్ ఇంజనీర్లు, వాతావరణ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు ఉంటారు. మనలాంటి వాళ్ళకి పని ఎక్కడుంది? నా అనుభవంలో చాలా చోట్ల పని ఆగిపోయేది సిద్ధాంతం దగ్గర కాదు, సమాచారం దగ్గర. నీళ్ళ మీటరు ఘనపు మీటర్లలో నెలకోసారి, కరెంటు మీటరు అరగంటకోసారి. ఒకరి పట్టికలో భవనం చిరునామాతో ఉంటుంది, ఇంకొకరి పట్టికలో కనెక్షను నంబరుతో. రెండూ ఒకే భవనమని చెప్పే మూడో పట్టిక ఉండదు. ఆ మూడో పట్టిక లేనిదే పైన వేసిన కూలింగ్ టవర్ లెక్క ఏ నిజమైన భవనానికీ వేయలేం.

కాబట్టి నగరాలకి సంబంధించిన ప్రాజెక్టు చేతికొస్తే మూడు ప్రశ్నలు అడగమని నా సూచన. ఒకటి, ఈ శాఖ అవుట్‌పుట్ ఎవరికి ఇన్‌పుట్? వాళ్ళు సమావేశంలో ఉన్నారా? రెండు, రెండు శాఖల సమాచారాన్ని కలిపే ఉమ్మడి గుర్తు, ఉమ్మడి కొలమానం ఏమిటి? మూడు, లెక్క హద్దు ఎక్కడ గీశారు, ఆ హద్దు అవతల ఖర్చు ఎవరి మీద పడుతోంది? డ్యాష్‌బోర్డు ఎంత అందంగా ఉన్నా, ఈ మూడింటికీ జవాబు లేకపోతే అది ఒక్క శాఖ అద్దమే.

చివరగా మీకు ఒక ఇంటిపని. మీరు ఉంటున్న ఊరికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో, ఎన్ని మీటర్లు ఎక్కి వస్తాయో కనుక్కోండి. ప్రతి 100 మీటర్లకి 0.27 యూనిట్లతో గుణించి, 0.75తో భాగించండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఎత్తు బదులు సముద్రపు నీటి శుద్ధి లెక్క వేసుకోవాలి. తరవాత అదే లెక్క మీ సొంత ఊరికి వేయండి. విశాఖ, విజయవాడ, తిరుపతి, వరంగల్, ఏదైనా సరే. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని, ఈసారి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ ఊరి చెరువు ఏ స్థితిలో ఉందో ఒకసారి చూసి రండి.